చైనాతో మన విధానం: కొనుక్కున్న సమయాన్ని ఏం చేసుకున్నాం?

కృష్ణలంక_కబురు
2020లో లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణ తర్వాత నాలుగేళ్లపాటు మన ప్రభుత్వం ఒకే మాట మీద నిలబడింది: సరిహద్దులో శాంతి లేనిదే మిగతా సంబంధాలు మామూలుగా ఉండవు. 2024 అక్టోబరు 21న లద్దాఖ్ సరిహద్దులోని డెప్సాంగ్, డెమ్చోక్‌లలో గస్తీ గురించి అవగాహన కుదిరిందని ప్రకటించారు. రెండు రోజులకే రష్యాలోని కజాన్‌లో మోదీ, షీ జిన్‌పింగ్ ఎదురెదురుగా కూర్చున్నారు. 2025 వేసవిలో మానససరోవర యాత్ర మళ్లీ మొదలైంది, ఆగస్టు చివర ప్రధాని ఏడేళ్ల తర్వాత చైనా వెళ్లి షాంఘై సహకార సంస్థ తియాన్‌జిన్ సమావేశంలో పాల్గొన్నారు, అక్టోబరులో నేరుగా విమానాలు కూడా వచ్చేశాయి. లద్దాఖ్‌కు పంపిన అదనపు బలగాలు మాత్రం ఇంకా కొండల మీదే ఉన్నాయి.

రాజీ పడ్డారని నా ఫిర్యాదు కాదు. ఇన్నేళ్ల కోపం దేనికి పనికొచ్చిందన్నదే నా ప్రశ్న. 2019-20లో చైనా నుంచి మన దిగుమతులు సుమారు 65 బిలియన్ డాలర్లు ఉంటే, 2024-25 నాటికి అవి 113 బిలియన్లు దాటాయి. అదే ఏడాది మనం వాళ్లకు అమ్మింది 14 బిలియన్ల చిల్లర, లోటు 99 బిలియన్లు. ఒక్క రోజున 59 యాప్‌లను నిషేధించాం, 2020 ఏప్రిల్ నాటి ప్రెస్ నోట్ 3తో పెట్టుబడులకు అడ్డుకట్ట వేశాం, వీధుల్లో టీవీలు పగలగొట్టాం. పక్కింటివాళ్లతో మాటలు మానేసి, పాలు మాత్రం వాళ్ల గేదెవే రోజుకు రెండు లీటర్లు ఎక్కువ పోయించుకున్నట్టుంది. దీన్ని విధానం అనవచ్చా?

చదరంగం_గడి
వీధిలో ఇంకెవరికీ గేదె లేకపోతే ఏం చేస్తారండీ?

ఓల్డ్_బ్రిడ్జ్_బావ
గేదె ఉన్న ఇల్లు ఇంకొకటి ఉంది, అమెరికా; మనమే ఆ గుమ్మం తొక్కడానికి మొహమాటపడుతున్నాం. ఎదుగుతున్న శక్తిని నిలవరించాలంటే అంతకంటే పెద్ద శక్తి పక్కన నిలబడాలి. జపాన్, దక్షిణ కొరియా, తైవాన్ చేసింది అదే. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసి క్వాడ్‌లో చేరి కూడా అది కూటమి కాదని ప్రతి సమావేశంలోనూ ప్రమాణం చేసినట్టు చెబుతూ ఉంటే, అవతలివాడికి భయం ఉండదు, ఇవతలివాడికి నమ్మకం కలగదు.

కృష్ణలంక_కబురు
ఓల్డ్ బ్రిడ్జ్ గారు చెప్పిన పెద్ద ఇంటివాళ్లే 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం సుంకం వేశారు. అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో వాళ్ల అధ్యక్షుడు ట్రంప్ చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌ను కలిసి అరుదైన ఖనిజాల మీద ఏడాది పాటు సంధి చేసుకున్నారు, ఆ భేటీని స్వయంగా 'జీ2' (రెండు పెద్ద శక్తుల జట్టు) అని పిలుచుకున్నారు. ఆ గుమ్మంలో నిలబడి ఉంటే మన పరిస్థితి ఏమయ్యేది?

ఓల్డ్_బ్రిడ్జ్_బావ
సుంకం ఒక అధ్యక్షుడి పని, వ్యూహం ముప్పై ఏళ్ల పని. రెండింటినీ కలపకండి.

చదరంగం_గడి
బావగారూ, నెలవారీ కిస్తీ కట్టే రొయ్యల రైతుకు ముప్పై ఏళ్ల సంగతి చెప్పి చూడండి. భీమవరంలో మా బాబాయి చెరువు మీదకు అమెరికా సుంకం మూడు వారాల్లో దిగింది.

పాత_దస్త్రం
చర్చ వర్తమానం చుట్టూనే తిరుగుతోంది కాబట్టి కొంచెం వెనక్కు వెళ్తాను. నేను పదవీ విరమణ చేసిన రాజనీతి శాస్త్రం అధ్యాపకుడిని, పాఠం ధోరణి వస్తే క్షమించాలి.

1988 డిసెంబరులో రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్లేనాటికి రెండు దేశాల ఆర్థిక వ్యవస్థలూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండేవి. అంతకు ముందు సంవత్సరమే అరుణాచల్ సరిహద్దులోని సుమ్‌దొరాంగ్ చూ దగ్గర సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. సరిహద్దు తగాదాను పక్కన పెట్టి మిగతా సంబంధాలను పెంచుకుందామన్న ఒప్పందం ఆ పర్యటనతో మొదలైంది. దానికి అక్షర రూపం ఇచ్చినది మన పి.వి. నరసింహారావు గారు. 1993 సెప్టెంబరు 7న బీజింగ్‌లో కుదిరిన శాంతి ఒప్పందంలోనే 'వాస్తవాధీన రేఖ' (ఎవరి చేతిలో ఉన్న నేల ఎక్కడిదాకానో చెప్పే హద్దు) అన్న మాట రెండు దేశాల మధ్య ఒడంబడికలో మొదటిసారి చోటు చేసుకుంది. అప్పటి పరిస్థితి గుర్తుచేసుకోండి. సోవియట్ యూనియన్ లేదు. 1991లో బంగారం కుదువ పెట్టి గట్టెక్కిన ఖజానా. పంజాబ్, కశ్మీర్ మండుతున్నాయి. అలాంటి సమయంలో ఉత్తర సరిహద్దును నిద్రపుచ్చి, ఆ మిగులుతో ఇల్లు చక్కబెట్టుకోవాలని ఆయన లెక్క వేశారు.

ఆ లెక్కలో తప్పు లేదని ఇప్పటికీ నమ్ముతాను. 1996లో మరో ఒప్పందం వచ్చింది. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు ఎవరూ కాల్పులు జరపరాదు, వేటకు కూడా తుపాకీ పేల్చరాదు అని అందులో రాసుకున్నారు. సమయం కొన్నారు. కానీ కొన్న సమయాన్ని వాళ్లు కర్మాగారాలుగా మార్చుకున్నారు, మనం వాళ్ల కర్మాగారాలకు ఖాతాదారులుగా మారాం. ఇవాళ వాళ్ల ఆర్థిక వ్యవస్థ మనకంటే నాలుగు రెట్లకు పైగా పెద్దది. కబురు గారి ప్రశ్నకు వేళ్లు 2020లో లేవు, ఈ ముప్పై ఏళ్లలో ఉన్నాయి.

సూర్యాపేట_సెంటర్
పాత దస్త్రం గారి మీద గౌరవంతోనే ఒక మాట. మా ఊరి కూడలిలో కర్నల్ సంతోష్ బాబు గారి విగ్రహం ఉంది. నేను రోజూ దుకాణం తెరవడానికి ఆ దారినే వెళ్తాను. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ఆయనతో కలిపి ఇరవై మంది పోయారు. మేకులు దిగ్గొట్టిన కర్రలతో, రాళ్లతో కొట్టుకున్నారు. తుపాకీ ఉండి కూడా పేల్చలేని పరిస్థితి మీరు చెబుతున్న ఆ కాగితం వల్లే కదా వచ్చింది? ఒకడు పాటించి ఇంకొకడు పాటించని ఒప్పందం శాంతి ఎలా అవుతుందో మీరే చెప్పాలి. తమ వైపు నలుగురే పోయారని చెప్పడానికి కూడా వాళ్లకు ఎనిమిది నెలలు పట్టింది.

పాత_దస్త్రం
సూర్యాపేట గారూ, మీ ప్రశ్నకు తేలిక సమాధానం నా దగ్గర లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పనివ్వండి. 1975లో అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర అస్సాం రైఫిల్స్ జవాన్లు నలుగురు చనిపోయిన తర్వాత, 2020 దాకా, అంటే నలభై ఐదేళ్లు, ఆ సరిహద్దు ఘర్షణల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అందులో ఆ కాగితాల పాత్ర ఉంది. అయితే వాటిలో అతి పెద్ద లోపం కూడా ఉంది: రేఖ ఎక్కడుందో రాసుకోకుండానే రేఖను గౌరవిస్తామని రాసుకున్నారు. తర్వాత పటాలు మార్చుకుందామనుకున్నారు. 2000లో మధ్య సెక్టారు పటాలు మారాయి, 2002లో పశ్చిమ సెక్టారు దగ్గరికి వచ్చేసరికి వాళ్లు ముందుకు రాలేదు. హద్దురాయి లేని పొలం గట్టు సంగతి మన పల్లెల్లో ఎవరికైనా తెలుసు, బలం పెరిగినవాడు ఏడాదికొక సాలు లోపలికి దున్నుతాడు.

సూర్యాపేట_సెంటర్
ఆ సాలు మాట ఒప్పుకుంటాను. మిగతాది ఆలోచించాలి.

బోడుప్పల్_బాణం
అసలు తప్పంతా నెహ్రూ దగ్గర మొదలైంది. 1950 నవంబరు 7న చైనా గురించి నెహ్రూను హెచ్చరిస్తూ పటేల్ రాసిన ఉత్తరం చదివారా మీరెవరైనా?

నిర్వాహకుడు_2
చదివాం. ఆ ఉత్తరం మీద ఇదే వేదికలో మూడు చర్చలు నడిచి, మూడూ తాళం వేయించుకున్నాయి. ఇక్కడ ఇప్పటి విధానం గురించి రాయండి.

జీడిమెట్ల_రియాక్టర్
గేదె పాల పోలిక నా పొట్టకూటికి సంబంధించినది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇరవై రెండేళ్లుగా బల్క్ డ్రగ్ (ముడిమందుల) కంపెనీల్లో కొనుగోళ్ల విభాగంలో ఉన్నాను.

హైదరాబాదు మందుల పరిశ్రమకు తల్లివేరు 1961లో పుట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్. సోవియట్ సాయంతో బాలానగర్‌లో రసాయన మందుల ప్లాంటు, రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్ ప్లాంటు పెట్టారు. అందులో పని నేర్చుకున్నవాళ్లే బయటికొచ్చి ఈ నగరాన్ని మందుల రాజధానిగా చేశారు. అమాక్సిసిలిన్ లాంటి మందులకు ముడిసరుకైన పెన్సిలిన్-జి మనం స్వయంగా చేసుకునేవాళ్లం. అది పులియబెట్టి తీసే సరుకు: పెద్ద పెద్ద ట్యాంకులు, చక్కెర, రేయింబవళ్లు ఆగని కరెంటు, వచ్చే వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఏర్పాటు కావాలి. చైనాలో స్థానిక ప్రభుత్వాలు వీటన్నింటినీ చవకగా సమకూర్చాయి. వాళ్ల ధర ముందు మన ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అప్పుడెవరూ ఏడవలేదు, ఎందుకంటే చవక ముడిసరుకుతో మందులు చేసి అమెరికాకు అమ్ముకుని మేమందరం బాగుపడ్డాం. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది, కిలోకు పది రూపాయలు తగ్గించినందుకు నాకు బోనస్ వచ్చిన ఏళ్లు ఉన్నాయి.

2020 జూన్ చివర ఒక రేవులో చైనా నుంచి వచ్చిన కంటెయినర్లను ఒక్కొక్కటీ విప్పి చూడాలని ఆపేశారు. మా సరుకు రెండు వారాలు కదలలేదు. దేశభక్తి సరే, మూడో రోజుకే మా ప్రొడక్షన్ మేనేజరు రియాక్టర్లు ఖాళీగా ఉన్నాయని తల పట్టుకున్నాడు. ఆ రెండు వారాల్లో నష్టపోయింది చైనావాడు కాదు, వాడికి డబ్బు ముందే ముట్టింది.

అదే ఏడాది కేంద్రం 6,940 కోట్లతో ముడిమందుల ఉత్పత్తికి ప్రోత్సాహక పథకం తెచ్చింది. దాని కింద కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంటు వచ్చి, 2024లో ప్రారంభమైంది. సంతోషమే. కానీ ఇక్కడ ట్యాంకు వేడెక్కిందని తెలిస్తే చాలు, అక్కడ ధర దిగుతుంది. వాళ్లు ఎన్నాళ్లయినా నష్టానికి అమ్మగలరు, మనవాళ్లు ఎన్నాళ్లు నిలబడగలరన్నదే అసలు యుద్ధం. ఆ యుద్ధం లద్దాఖ్‌లో జరగదు.

చదరంగం_గడి
బోనస్ సంగతి ఒప్పుకున్నందుకు మీకు నా తరఫున ఒక టీ. ఈ వేదికలో తన తప్పు తాను రాసుకున్నవాళ్లను నేను చూడలేదు.

మెల్బోర్న్_మిరపకాయ్
రియాక్టర్ గారి మాటకు ఇక్కడి అనుభవం తోడు చేస్తాను. 2020లో కోవిడ్ పుట్టుక మీద స్వతంత్ర విచారణ కావాలని ఆస్ట్రేలియా అడిగింది. వెంటనే మా బార్లీ మీద చైనా 80 శాతం సుంకం వేసింది, తర్వాత వైన్, బొగ్గు, గొడ్డుమాంసం, లాబ్‌స్టర్లు అన్నీ వరుసగా చిక్కుల్లో పడ్డాయి. మేముండే రాష్ట్రంలో ద్రాక్షతోటల వాళ్లు చాలా దెబ్బతిన్నారు. కానీ ప్రభుత్వం మాట వెనక్కు తీసుకోలేదు, అలాగని రోజూ తిట్టనూ లేదు. బార్లీ రైతులు వేరే బజార్లు వెతుక్కున్నారు. 2022లో ప్రభుత్వం మారాక గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు. 2023 ఆగస్టులో బార్లీ సుంకం పోయింది, 2024 మార్చిలో వైన్ సుంకం కూడా ఎత్తేశారు.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. అన్నింటి మీదా చెయ్యి వేసిన చైనా ఇనుప ఖనిజాన్ని ముట్టుకోలేదు. అంత ఖనిజం వాళ్లకు ఇంకెక్కడా దొరకదు. వాళ్లు మనం లేకుండా ఉండలేని వస్తువు ఒక్కటైనా మన చేతిలో ఉంటే, మిగతా తొంభై వస్తువుల విషయంలో మనతో మర్యాదగా మాట్లాడతారు. అలాంటిది భారత్ దగ్గర ఏముందో ఎవరైనా చెప్పగలరా?

ఓల్డ్_బ్రిడ్జ్_బావ
నూట నలభై కోట్ల మంది కొనుగోలుదారులు. అదే మన ఇనుప ఖనిజం.

మెల్బోర్న్_మిరపకాయ్
కొనుగోలుదారు బలం వేరే కొట్టు ఉన్నప్పుడే పనికొస్తుంది బావగారూ, మళ్లీ గేదె దగ్గరికే వచ్చాం.

భీమిలి_లంగరు
వాళ్ల చేతిలో ఉన్న ఇనుప ఖనిజం ఏమిటో 2025 ఏప్రిల్‌లో తెలిసింది. అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి అన్నారు, కొద్ది వారాలకే మన కార్ల కంపెనీలు ఢిల్లీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ఇందులో బాధాకరమైన హాస్యం ఏమిటంటే, ఆ మూలకాలున్న మోనజైట్ మా భీమిలి, శ్రీకాకుళం ఇసుకలోనే ఉంది, దేశంలో ఎక్కువ నిల్వలున్న రాష్ట్రాల్లో మనది ముందు వరుస. మనం కాళ్లకు అంటిన ఇసుక దులుపుకుని ఇంటికొస్తున్నాం, వాళ్లు దాంట్లోంచి అయస్కాంతం తీస్తున్నారు. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వాళ్ల అయస్కాంతాల ప్లాంటు 2023లో ప్రారంభమైంది. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు, టన్నులు కాదు. 2025 నవంబరులో కేంద్రం 7,280 కోట్లతో ఏడాదికి 6,000 టన్నుల లక్ష్యంగా ఒక పథకం ఆమోదించింది. మంచిదే, కానీ జపాన్‌కు ఈ దెబ్బ 2010లోనే తగిలింది. సెంకాకు దీవుల దగ్గర ఒక చేపల పడవ గొడవ తర్వాత వాళ్లకు సరఫరా ఆగింది. మరుసటి ఏడాదే ఆస్ట్రేలియా గని కంపెనీలో జపాన్ డబ్బు పెట్టింది, చైనా మీద ఆధారపడటాన్ని సుమారు 90 శాతం నుంచి 60 శాతానికి దించుకుంది. పక్కవాడి ఇల్లు కాలినప్పుడు చూసి కూడా మనం పదిహేనేళ్లు నీళ్ల తొట్టి కట్టుకోలేదు.

ఓల్డ్ బ్రిడ్జ్ గారితో ఒక విషయంలో మాత్రం ఏకీభవిస్తాను. సముద్రం మీద మనకు తోడు కావాలి. చైనాకు 2017 నుంచి ఆఫ్రికాలోని జిబూటీలో స్థావరం ఉంది, అదే ఏడాది శ్రీలంకలోని హంబన్‌టోట రేవును 99 ఏళ్ల లీజుకు తీసుకున్నారు, 2022 ఆగస్టులో వాళ్ల నిఘా నౌక యువాన్ వాంగ్-5 అక్కడికొచ్చి లంగరేసింది. కొండల మీద మనం ఒంటరిగా నిలబడగలం, హిందూ మహాసముద్రంలో మన నౌకలు మాత్రమే చాలవు.

నెల్లూరు_నాన్న
పెద్ద లెక్కల మధ్య నా చిన్న లెక్క. మా అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్ చదివేవాడు. 2020 జనవరిలో సెలవులకు వచ్చి, రెండున్నరేళ్లు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు శరీర శాస్త్రం చదివాడు. 2022 ఆగస్టులో గానీ మన విద్యార్థులకు వీసాలు మళ్లీ మొదలు కాలేదు. నేరుగా విమానాలు లేక, రెండు దేశాలు చుట్టి వెళ్లడానికి అయిన ఖర్చుకు పొలంలో అరెకరం పోయింది. తిరిగొచ్చాక, ఆన్‌లైన్‌లో చదివిన కాలానికి అదనంగా ఇంటర్న్‌షిప్ చేయమన్నారు. సంబంధాలు మామూలుగా ఉండవని అన్నప్పుడు, ఆ 'మామూలు'లో మా అబ్బాయి కూడా ఉన్నాడని ఎవరికీ గుర్తు లేదు. విమానాలు తిరగడం మొదలైతే నాకు ఆనందమే. నన్ను దేశద్రోహి అనేవాళ్లు ముందు ఇక్కడ మెడికల్ సీటు ధర చెప్పాలి.

సూర్యాపేట_సెంటర్
ఎవరూ అనరండీ. మీ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడు?

నెల్లూరు_నాన్న
పాస్ అయ్యాడు. గూడూరులో పనిచేస్తున్నాడు.

కరీంనగర్_కంచె
నేను సైన్యంలో పద్దెనిమిదేళ్లు చేశాను. ఎక్కడెక్కడ పనిచేశానో రాయను. పాత దస్త్రం గారు సమయాన్ని వృథా చేశామన్నది పూర్తిగా నిజం కాదు. లద్దాఖ్‌లో దర్బుక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ దాకా 255 కిలోమీటర్ల రోడ్డు 2019లో పూర్తయింది. 2020 అక్టోబరులో అటల్ సొరంగం, 2024 మార్చిలో సేలా సొరంగం తెరిచారు. 2020 ఆగస్టు చివర పాంగాంగ్ సరస్సుకు దక్షిణాన కైలాస్ శిఖరాలను మనవాళ్లు రాత్రికి రాత్రి పట్టుకున్నాక, అవతలివాళ్ల మాట తీరే మారింది. 2021 ఫిబ్రవరిలో ఆ శిఖరాలను బేరంలో వదిలేశాం. డెప్సాంగ్ తేలేదాకా వాటిని పట్టుకుని ఉండాల్సిందని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు నా పాత మిత్రుల్లోనే సగం మంది ఉన్నారు.

ఇంకొకటి. 2025 మేలో పాకిస్తాన్‌తో జరిగిన పోరులో చైనా ఆ దేశానికి ఎప్పటికప్పుడు సమాచారం అందించిందని మన ఉప సైన్యాధిపతి బహిరంగంగానే చెప్పారు. 2020-24 మధ్య పాకిస్తాన్ దిగుమతి చేసుకున్న ఆయుధాల్లో 81 శాతం చైనావే. తియాన్‌జిన్‌లో కరచాలనం చేసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉండి ఉంటుందనే అనుకుంటాను.

పాత_దస్త్రం
కంచె గారి సవరణను ఒప్పుకుంటున్నాను. రోడ్ల విషయంలో నేను తొందరపడ్డాను. అయినా ఒక చిక్కు ఉంది: ఆ రోడ్డు పూర్తయిన మరుసటి ఏడాదే గల్వాన్ జరిగింది. మనం బలహీనంగా ఉన్నంతకాలం ఎదుటివాడు ఓపికగా ఉంటాడు. మనం సర్దుకుంటున్నామని పసిగట్టిన క్షణంలోనే ప్రమాదం ఎక్కువ. ఎదిగే శక్తి పక్కన తాను కూడా ఎదగాలనుకునే దేశానికి ఈ మధ్య కాలమే గండం.

వియత్నాంను చూడండి. 1979లో చైనాతో యుద్ధం చేసింది. 1999లో భూసరిహద్దు మీద సంతకం పెట్టించుకుని, 2008 కల్లా హద్దురాళ్లు పాతించింది. సముద్రం తగాదా మాత్రం ఒక్క అంగుళం వదలలేదు. 2023 సెప్టెంబరులో అమెరికాతో అత్యున్నత స్థాయి భాగస్వామ్యం కుదుర్చుకుని, డిసెంబరులో షీ జిన్‌పింగ్‌కు హనోయిలో ఎర్ర తివాచీ పరిచింది. తేలే తగాదాను తేల్చుకుంటారు, తేలనిదాన్ని నిలిపి ఉంచుతారు, ఎవరి ఇంటి భోజనానికీ కాదనరు.

ఓల్డ్_బ్రిడ్జ్_బావ
వియత్నాం చేస్తే చాణక్యం, మనం చేస్తే గోడమీద పిల్లివాటం. సరే, ఈ ఒక్కదానికి నేను ఓడిపోయాను అనుకోండి. క్వాడ్ మీద మాత్రం కాదు.

కృష్ణలంక_కబురు
ప్రశ్న వేసినవాడిగా ఇంతవరకు చదివి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. విమానాలు, యాత్ర, విద్యార్థులు, వీటిని శిక్షగా వాడటం వల్ల శిక్ష మనకే పడింది, నెల్లూరు నాన్న గారి అరెకరమే సాక్ష్యం. ఇవి తెరవడం తప్పు కాదు. దిగుమతుల విషయంలో మాత్రం నా ఫిర్యాదు అలాగే ఉంది. అందుకే రియాక్టర్ గారిని సూటిగా అడుగుతున్నాను: కాకినాడ సరుకు చైనా ధర కంటే పదిహేను, ఇరవై శాతం ఎక్కువైతే, మీరు కొంటారా?

జీడిమెట్ల_రియాక్టర్
నిజం చెప్పాలంటే, నా ఇష్టానికి వదిలేస్తే కొనను. అవసర మందుల బిళ్ల ధరకు ప్రభుత్వమే పైహద్దు పెడుతుంది, ముడిసరుకు పెరిగిందని నేను బిళ్ల ధర పెంచలేను. అమెరికా కొనుగోలుదారు ఒక్క సెంటు కూడా ఎక్కువ ఇవ్వడు. ఆ ఇరవై శాతం ఎవరు భరించాలో ముందు తేల్చాలి. సర్కారు ఆసుపత్రుల టెండర్లలో దేశీయ ముడిసరుకుతో చేసిన మందుకు కొంత ఎక్కువ ధర ఇస్తామని రాయండి, రేపే ఆర్డరు పెడతాను. సరిహద్దు కాపలాకు బడ్జెట్ ఉన్నట్టే దీనికీ ఉండాలి.

సూర్యాపేట_సెంటర్
నాది మెడికల్ షాపు. బిళ్లకు పావలా ఎక్కువైనా, ఇది పూర్తిగా ఇక్కడిదే అని చెబితే మా ఊళ్లో కొనేవాళ్లు ఉన్నారు. ఏది ఇక్కడిదో నాకెలా తెలుస్తుంది?

జీడిమెట్ల_రియాక్టర్
స్ట్రిప్ తిప్పి చూడండి. బిళ్ల చేసిన కంపెనీ చిరునామా ఉంటుంది, బద్ది అనో, సిక్కిం అనో, మా జీడిమెట్ల అనో. లోపలి పొడి ఏ ఊరి నుంచి వచ్చిందో దాని మీద రాయరు.

సూర్యాపేట_సెంటర్
ఇప్పుడే అరలోంచి ఆరు రకాల అమాక్సిసిలిన్ తీసి చూశాను. మీరన్నది నిజమే, ఒక్కదాని మీదా లేదు.